వైరస్ అంటే విషమేనా?
ఒక మాట వెనుక రెండు వేల ఏళ్ల కథ



వానలు మొదలయ్యాయంటే చాలు, ఏ దినపత్రిక తెరిచినా విషజ్వరాలు విజృంభిస్తున్నాయన్న వార్త కనిపిస్తుంది. ఆ వార్త చదివిన వారు, వారి నోట విన్నవారు మరుసటి రోజు పొద్దున్నే మన ఓ.పి. బల్లల మీద కూర్చుని ఉంటారు. అలాంటి ఒక వానాకాలంలో ఒక తల్లి ఆరేళ్ల కొడుకును భుజాన వేసుకుని నా గదిలోకి వచ్చింది. పిల్లవాడికి నాలుగు రోజులుగా జ్వరం. ఊళ్లో ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ మందు మూడు రోజులు తాగించారు. తగ్గలేదు.

"డాక్టరమ్మగారూ, వీడికి విషజ్వరమంటున్నారండి. ఒంట్లో విషం ఎక్కిందాండి? దానికి విరుగుడు సూది ఏదైనా ఉంటే వేయండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నది.

నేను పిల్లవాణ్ణి చూసి, "కంగారు పడకమ్మా. విషం కాదు, ఏదో వైరస్ జ్వరంలా ఉంది. రక్తపరీక్ష చేయిద్దాం" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, "వైరస్ అంటే విషమే కదండీ!" అన్నది.

అప్పుడు నవ్వుకున్నాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి పెద్ద నిఘంటువు తీసి చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఆమె చెప్పినది నిజమే. కాకపోతే అది రెండు వేల ఏళ్ల కిందటి నిజం. అప్పటి నుండి ఇప్పటికి ఆ మాట అర్థం ఎన్నోసార్లు మారింది. అర్థం మారిన ప్రతిసారీ జబ్బును ఎదుర్కొనే పద్ధతి కూడా మారింది. పాత అర్థాన్నే పట్టుకుని ఉంటే ఎలాంటి నష్టం జరుగుతుందో ఆ పిల్లవాడి రక్తపరీక్ష మరుసటి రోజు నాకే నేర్పింది. ఆ సంగతి చివరలో చెబుతాను. ముందు ఆ మాట కథ వినండి.

విషము, వైరస్ – తోబుట్టువులు

వైరస్ అనేది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. అది పాత రోమీయుల భాషయైన లాటిన్ నుండి వచ్చింది. లాటిన్‌లో ఆ మాటకు విషము, పాము కోరల్లో ఊరే రసము, జిగటగా ఉండి దుర్వాసన కొట్టే ద్రవము అని అర్థాలు. మనం సంస్కృతం నుండి తెచ్చుకున్న "విషము" అనే మాట, లాటిన్‌లోని ఆ మాట ఒకే మూలం నుండి పుట్టినవని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే అవి తోబుట్టువులు. ఒకటి తూర్పుకు వచ్చి మన నోట విషమైంది, మరొకటి పడమరకు వెళ్లి వైరస్ అయింది.

క్రీస్తు శకం 1వ శతాబ్దంలో సెల్సస్ అనే రోమీయుడు వైద్యం గురించి ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో పిచ్చికుక్క కరిచినప్పుడు ఏమి చేయాలో చెబుతూ ఆయన ఈ మాటనే వాడాడు. గాయం మీద కొమ్ము బూర లాంటి గిన్నెను బోర్లించి లోపలి విషాన్ని బయటికి లాగివేయాలని ఆయన సలహా. పాము కాటులో ఉన్నట్టే కుక్క కాటులోనూ విషం ఉంటుందని, దాన్ని లాగేస్తే మనిషి బతుకుతాడని ఆ కాలపు నమ్మకం.

ఇది పాతకాలపు మాట అనుకోకండి. కుక్క కరిస్తే పసరు పిండడం, కారం, సున్నం అద్దడం, విషం దిగాలని మంత్రం వేయించడం మన పల్లెల్లో నేటికీ చూస్తున్నాం. ఇందులోనూ సెల్సస్ ఆలోచనే ఉంది. విషమైతే ఒంట్లోకి ఎంత వెళ్లిందో అంతే ఉంటుంది. దాన్ని లాగేయాలి, లేదా విరుగుడు ఇవ్వాలి. కాని కుక్క కాటుతో ఒంట్లోకి వెళ్లినది అలా ఊరుకునేది కాదు. అది పెరుగుతుంది. ఈ ఒక్క తేడా తెలియడానికి మనుష్యులకు పద్దెనిమిది వందల ఏళ్లు పట్టింది.

విషం నుండి అంటుకు

14వ శతాబ్దం చివరిలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పుడు కూడా దాని అర్థం విషం లాంటి ద్రవమనే. పుండు నుండి కారే రసిని, పాము విషాన్ని అదే మాటతో పిలిచేవారు. 18వ శతాబ్దానికి మెల్లగా కొత్త అర్థం వచ్చి చేరింది. సుఖవ్యాధుల వంటి అంటురోగాలు ఒకరి నుండి మరొకరికి రావడానికి కారణమైన పదార్థాన్ని వైద్యులు వైరస్ అనసాగారు.

ఈ కొత్త అర్థంలో ఆ మాటను వాడినవారిలో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ జెన్నర్ ఒకరు. ఆవు పొదుగు మీద లేచే పొక్కుల జబ్బు పాలు పితికే వారి చేతులకు అంటుతుందని, అలా అంటిన వారికి మశూచి రాదని పల్లె జనం చెప్పుకొనేవారు. జెన్నర్ 1796 మే 14న ఒక పాలు పితికే యువతి చేతి పొక్కు నుండి రసి తీసి, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి ఎక్కించాడు. తరువాత మశూచి రసి ఎక్కించినా ఆ పిల్లవాడికి జబ్బు రాలేదు. 1798లో వేసిన తన పుస్తకంలో జెన్నర్ ఆవు పొక్కుల రసిలోని ఆ అంటు పదార్థాన్ని వైరస్ అనే పిలిచాడు.

దాన్ని ఆయన కంటితో చూడలేదు. అది ప్రాణమున్నదో లేనిదో ఆయనకు తెలియదు. అయినా ఒక సంగతి మాత్రం అర్థమైంది. ఒక చుక్క రసి ఒకరి చేతి మీద పొక్కు లేపుతుంది. ఆ పొక్కు రసితో మరొకరికి, వారి నుండి ఇంకొకరికి అంటించవచ్చు. ఏ విషమూ ఇలా చేయదు. ఒకరి నుండి మరొకరికి పోయేకొద్దీ విషం పలచబడిపోతుంది. ఇది పలచబడకుండా ప్రతి మనిషిలోనూ మళ్లీ పుడుతోంది.

అన్నిటికీ ఒకే పేరు

19వ శతాబ్దం రెండవ సగంలో సూక్ష్మదర్శిని వైద్యానికి కొత్త కన్ను ఇచ్చింది. జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882లో క్షయకు కారణమైన బాక్టీరియాను కనిపెట్టాడు. 1884లో మన కలకత్తాలో ఉండి కలరా క్రిమిపై పరిశోధన చేశాడు. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క క్రిమి ఉంటుందని తేలుతూ వచ్చింది.

అయితే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, ఆయన తోటివారు అంటురోగం కలిగించే ప్రతిదాన్నీ వైరస్ అనేవారు. బాక్టీరియా అయినా సరే, మరొకటి అయినా సరే, ఆ మాట సరిపోయేది. మన ఇళ్లలో కనబడని ప్రతిదాన్నీ "పురుగు" అంటాం కదా, అలాగన్నమాట.

పాశ్చర్ 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా మొదలుపెట్టాడు. పిల్లవాడు బతికాడు. ఇందులో వింత ఏమిటంటే, ఏ క్రిమికి టీకా తయారు చేశాడో ఆ క్రిమిని పాశ్చర్ తన సూక్ష్మదర్శినిలో ఎన్నడూ చూడలేకపోయాడు. అది అంత చిన్నది.

వడపోతకు చిక్కనిది

పాశ్చర్ శిష్యుడు షాంబర్లాండ్ 1884లో పింగాణీతో ఒక వడపోత గొట్టం తయారు చేశాడు. దాని సన్నని రంధ్రాల గుండా నీరు దిగుతుంది గాని బాక్టీరియా దిగవు. మంచి నీటి కోసం పుట్టిన ఈ గొట్టమే వైరస్ అనే మాటకు కొత్త అర్థం తెచ్చిపెట్టింది.

అప్పట్లో యూరప్‌లో పొగాకు ఆకుల మీద పచ్చగా, పాలిపోయినట్టుగా మచ్చలు వేసే తెగులు రైతులను పీడిస్తోంది. రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లో తెగులు పట్టిన ఆకు రసాన్ని ఆ గొట్టంలో వడపోశాడు. వడకట్టిన రసం తేటగా ఉంది. అందులో బాక్టీరియా ఏదీ లేదు. అయినా మంచి ఆకుకు రాస్తే తెగులు వచ్చింది. గొట్టంలో పగులేమైనా ఉందేమో, లేదా బాక్టీరియా వదిలిన విషం దిగిందేమో అని ఆయన అనుకున్నాడు.

హాలెండులో బైయరింక్ 1898లో అదే పరీక్ష చేసి ఒక అడుగు ముందుకు వేశాడు. వడకట్టిన రసంతో ఒక మొక్కకు తెగులు తెప్పించి, ఆ మొక్క రసంతో మరొక మొక్కకు, దాని రసంతో ఇంకొక మొక్కకు తెప్పించాడు. తెగులు బలం ఏమాత్రం తగ్గలేదు. విషమైతే తగ్గాలి. కాబట్టి ఇది విషం కాదు, బాక్టీరియా కూడా కాదు, జీవమున్న మొక్కలో మాత్రమే పెరిగే మూడవదేదో అని ఆయన చెప్పాడు. దానికి వైరస్ అనే పాత మాటనే వాడాడు. ఆ సంవత్సరమే జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అనే ఇద్దరు పశువుల గాలికుంటు వ్యాధి కూడా ఇలా వడపోతను దాటిపోతుందని చూపించారు. మూడేళ్లకు, క్యూబాలో మనుష్యులను చంపుతున్న పచ్చ జ్వరం కూడా ఈ కోవకే చెందుతుందని అమెరికా సైనిక వైద్యులు తేల్చారు.

అప్పటి నుండి "వడపోతను దాటే వైరస్" అనే మాట పుస్తకాల్లోకి వచ్చింది. కొన్నేళ్లకు ముందరి మాటలు రాలిపోయి, వైరస్ అన్నది ఒక్కటే మిగిలింది. అంతవరకు అన్ని క్రిములకూ చెందిన పేరు ఇప్పుడు ఒక్క జాతికే సొంతమైంది.

పేరు తప్పితే ఏమవుతుంది?

పేరులో ఏముంది అనిపించవచ్చు. 1918ని గుర్తు చేసుకుందాం. ఆ ఏడు ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమంతటా వ్యాపించింది. ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ జ్వరానికి కారణం ఒక బాక్టీరియా అని ఫైఫర్ అనే జర్మనీ వైద్యుడు 1892లోనే చెప్పి ఉన్నాడు. ఆయన మాట మీద గౌరవంతో చాలామంది ఆ బాక్టీరియాకు విరుగుడుగా టీకాలు తయారు చేశారు. కాని అసలు కారణం అది కాదు. 1933లో లండన్‌లోని శాస్త్రవేత్తలు ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువుల్లో పరీక్షలు చేసి, మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజాకు కారణం వైరస్ అని చూపించారు. అప్పటి నుండే సరైన టీకాకు దారి దొరికింది. తలుపు ఒకటైతే తాళంచెవి మరొకటి పట్టుకుని తిరిగినట్టయింది అంతవరకు జరిగిన పని.

కంటికి కనిపించిన రోజు

1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ పొగాకు తెగులు వైరస్‌ను పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలుగా విడదీశాడు. సీసాలో ఉంటే అది ఉప్పు, పంచదారల్లా ఒక పదార్థం. ఆకుకు తగిలితే ప్రాణి వలె పెరుగుతుంది. ఇది చూసి లోకం ఆశ్చర్యపోయింది. 1939లో జర్మనీలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ వైరస్‌కు మొదటిసారి ఫోటో తీశారు. సన్నని పుల్లల్లా కనిపించింది. లాటిన్‌లో ద్రవం అని అర్థమిచ్చిన మాట చివరికి ఒక ఆకారమున్న రేణువుకు పేరయింది.

వైరస్ అంటే ఏమిటో ఇప్పుడు మనకు బాగా తెలుసు. అది తన నకళ్లు ఎలా తయారు చేయాలో రాసి ఉన్న ఒక చీటీ. ఆ చీటీ చుట్టూ ప్రోటీన్ కవచం. అంతే. దానికి తినడం లేదు, ఊపిరి లేదు. తనంతట తాను పెరగలేదు. మన ఒంటి కణంలోకి దూరి, ఆ కణం పనిముట్లతోనే తన నకళ్లు వేలకొద్దీ చేయించుకుంటుంది. డెంగీ వైరస్‌లను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవులో దాదాపు 20 వేలు పడతాయి. అదే చోట టైఫాయిడ్ బాక్టీరియా కొన్ని వందలు మాత్రమే పడతాయి.

యాంటీబయాటిక్ ఎందుకు పని చేయదు?

బాక్టీరియా ఒక పూర్తి ప్రాణి. దానికి సొంత గోడ, సొంత పనిముట్లు ఉంటాయి. యాంటీబయాటిక్ మందులు ఆ గోడను పగలగొడతాయి, లేదా ఆ పనిముట్లను పాడు చేస్తాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ పనిముట్లూ లేవు. కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక్కడ మన తెలుగువాడి సంగతి ఒకటి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అక్కడ తయారైంది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి దాన్ని కనిపెట్టినవాడు ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అదే పెద్దక్క.

ఆ రోజుల్లో ఒక చిక్కు వచ్చింది. చూపు పోగొట్టే ట్రకోమా అనే కంటి జబ్బును, చిలకల నుండి అంటే ఒక రకం జ్వరాన్ని పుస్తకాలు వైరస్ జబ్బులని రాసేవి. ఆరియోమైసిన్ వంటి మందులు ఈ జబ్బుల మీద పని చేశాయి. అయితే యాంటీబయాటిక్ కొన్ని వైరస్‌లను చంపుతుందన్నమాటేనా? కాదు. 1960లలో ఆ క్రిములను బాగా పరిశీలించి చూస్తే అవి వైరస్‌లే కావని తేలింది. అవి మన కణాల్లో దాక్కుని బతికే అతి చిన్న బాక్టీరియా. పేరే తప్పు, మందు తప్పు కాదు. మందు పని చేసిన తీరే ఆ క్రిమి అసలు జాతిని బయటపెట్టింది.

వైరస్‌లకు అసలు మందులే లేవని కూడా అనుకోవద్దు. హెచ్.ఐ.వి.ని అదుపులో ఉంచే మందులు, హెపటైటిస్ సి ని నయం చేసే మందులు, అగ్గి చప్పి, ఇన్‌ఫ్లుయెంజా వంటి వాటికి మందులు నేడు ఉన్నాయి. అవి వేరే జాతి మందులు. ఒక్కొక్కటి సాధారణంగా కొన్ని వైరస్‌లకే పనికి వస్తుంది. ఇక టీకా సంగతి తెలిసినదే. ఆవు పొక్కుల రసితో మొదలైన పని 1980లో మశూచి భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించేదాకా వచ్చింది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది.

మరి మన విషజ్వరం మాటేమిటి?

ఇప్పుడు ఆ తల్లి దగ్గరకు వద్దాం. మరుసటి రోజు ల్యాబు నుండి చీటీ వచ్చింది. పిల్లవాడికి మలేరియా.

మలేరియా విషమూ కాదు, వైరస్సూ కాదు, బాక్టీరియా కూడా కాదు. అది ఎర్ర రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి. ఊళ్లోవారు విషజ్వరమన్నారు. మందు ఇచ్చినవారు బాక్టీరియా అనుకున్నారు. నేను వైరస్ అన్నాను. ముగ్గురమూ తప్పే. పరీక్షకు పంపాను గనుక సరిపోయింది. నా నోటి మాటనే నమ్మి ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ గుండె ఝల్లుమంటుంది. సరైన మందు మొదలుపెట్టిన మూడో రోజుకు వాడు వార్డులో పరుగులు తీశాడు.

పత్రికల్లో వచ్చే విషజ్వరం అనే మాటలో ఎన్ని జబ్బులు కలిసి ఉన్నాయో చూడండి.

డెంగీ, చికున్‌గున్యా – వైరస్‌లు. పగటి పూట కుట్టే దోమ తెస్తుంది.

మలేరియా – పరాన్నజీవి. రాత్రి పూట కుట్టే మరో జాతి దోమ తెస్తుంది.

టైఫాయిడ్ – బాక్టీరియా. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తుంది.

ఎలుక జ్వరం – బాక్టీరియా. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో, బురదలో తిరిగితే వస్తుంది.

స్క్రబ్ టైఫస్ – కణాల్లో దాగి ఉండే చిన్న బాక్టీరియా. పొదల్లో ఉండే నల్లి లాంటి సన్నని పురుగు కుట్టడం వల్ల వస్తుంది.

మందు ఒక్కొక్కదానికి వేరు. టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది. డెంగీకి ఇస్తే ఏ ఉపయోగమూ లేదు. విషజ్వరం అనే మాట అన్నిటినీ ఒక గంపలో వేస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట వైరస్ అనే మాట చేసిన పని సరిగ్గా ఇదే. మేము డాక్టర్లం కూడా తొందరలో ఉన్నప్పుడు చీటీ మీద "వైరల్ ఫీవర్" అని రాసేస్తుంటాం. ఏ జ్వరమో ఇంకా తేలలేదు అనడానికి బదులు కొన్నిసార్లు ఆ మాట రాస్తామని ఒప్పుకోవాలి. కాబట్టి మమ్మల్ని అడగడానికి మొహమాటపడకండి.

ఇంకా మారుతున్న మాట

మాట ప్రయాణం ఆగలేదు. 1983–84లో ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికా విద్యార్థి, ఒక కంప్యూటర్ నుండి మరొకదానికి తన నకళ్లు చేసుకుంటూ పాకే ప్రోగ్రాముకు వైరస్ అనే పేరు వాడాడు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఒక వీడియోను లక్షలమంది చూస్తే "వైరల్ అయింది" అని సంతోషిస్తున్నాం. విషమనే అర్థం అక్కడ పూర్తిగా మరుగైపోయి, నకళ్లు పెరగడం అనే అర్థం ఒక్కటే మిగిలింది.

2020లో కొరోనా వచ్చినప్పుడు చదువు రానివారి నోట కూడా వైరస్ మాట నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఆ మాటతో భయమూ పాకింది. జబ్బు నయమై వచ్చినవారిని కూడా విషం పూసుకున్నవారిలా దూరం పెట్టిన ఇళ్లు ఉన్నాయి. విషం ఒకసారి పడితే పాత్ర పాడైపోతుందని మన నమ్మకం. వైరస్ అలాంటిది కాదు. మన ఒంటి రక్షణ శక్తి చాలా వైరస్‌లను తుడిచిపెడుతుంది. నయమైన మనిషి మునుపటి మనిషే.

ఇంటి దగ్గర గుర్తుంచుకోవలసినవి

1. జ్వరం వస్తే "ఇది ఏ జ్వరం? పరీక్ష కావాలా?" అని అడగండి. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో చేసే పరీక్ష వేరు, తరువాత చేసేది వేరు. కాబట్టి జ్వరం ఏ రోజున మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.

2. పరీక్ష లేకుండా, చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనవద్దు. డాక్టరు ఇస్తే మాత్రం చెప్పినన్ని రోజులు వాడండి. అనవసరంగా వాడినకొద్దీ బాక్టీరియా మొండికెత్తుతాయి. రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పని చేయదు.

3. డెంగీ కావచ్చునన్న అనుమానం ఉంటే జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సూదులు వద్దు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. నీరు, గంజి, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. తరచుగా తాగించండి.

4. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి, ముక్కు నుండి రక్తం, మగత, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. డెంగీలో జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదకరం. జ్వరం దిగిందని ఏమరుపాటుగా ఉండవద్దు.

5. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. పసరు, కారం, సున్నం వద్దు. అదే రోజు టీకా వేయించి, చెప్పిన తేదీలన్నిటికీ తప్పక రండి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేసే కాలం పోయింది. ఇప్పుడు కొద్ది సూదులే, అవీ చేతికి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం గనుక ఈ ఒక్క విషయంలో రేపు అనే మాట వద్దు.

6. మినుము చేనుకు పల్లాకు తెగులు వస్తే రైతు ఏమి చేస్తాడు? అది వైరస్ తెగులు. మొక్కలోని వైరస్‌కు మందు లేదు గనుక దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను అరికడతాడు. ఇంటి దగ్గర మనం చేయవలసినదీ అదే. కూలర్లలో, పూలకుండీల కింద, పాత టైర్లలో నిలిచిన నీటిని వారానికి ఒకసారైనా పారబోయండి.

మళ్లీ ఆ తల్లి

పిల్లవాణ్ణి ఇంటికి పంపే రోజు ఆమె మందుల చీటీ చేత పట్టుకుని నిలబడింది. "అయితే మా వాడికి విషం లేదు కదండీ?" అని మరొకసారి అడిగింది. లేదన్నాను. "వైరస్సూ లేదు?" అదీ లేదన్నాను.

"మరి ఊళ్లో అడిగితే ఏమని చెప్పనండి?"

"మలేరియా వచ్చింది, పరీక్షలో తెలిసింది, మందుతో తగ్గింది అని చెప్పమ్మా. ఎవరికైనా జ్వరమొస్తే ముందు ఏ జ్వరమో తెలుసుకోమని కూడా చెప్పు" అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. అప్పటి నుండి చీటీ మీద "వైరల్ ఫీవర్" అని రాయబోయిన ప్రతిసారీ నా కలం ఒక్క క్షణం ఆగుతుంది.